టిక్కు పడకముందే చెప్పగలవా?

ఏడో తరగతి పిల్లాడు లెక్క పూర్తి చేయగానే మొదట ఎటు చూస్తాడో ఎప్పుడైనా గమనించారా? తను రాసిన జవాబు వైపు కాదు, టీచర్ మొహం వైపు. ఆ మొహంలో చిన్న నవ్వు కనిపిస్తే జవాబు కరెక్టు. కనుబొమ్మలు ముడిపడితే వెంటనే రబ్బరు బయటికొస్తుంది. ఏం తప్పు చేశాడో తెలియదు, ఎక్కడ చేశాడో తెలియదు. చెరపడం మాత్రం మొదలైపోతుంది.

అత్తిలిలో మా పిన్ని సాయంత్రాలు లెక్కల ట్యూషన్ చెబుతుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఓ పదిహేను మంది. సగం మంది జిల్లా పరిషత్ హైస్కూలు, మిగతావాళ్లు ప్రైవేటు. సార్వా కోతల టైములో నేను ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరొస్తే, పగలంతా ఆఫీసు కాల్స్, సాయంత్రం పిన్ని అరుగు మీద పిల్లల గోల. ఈసారి పిన్ని నాకో పని అప్పజెప్పింది.

"ఒరే, యాప్‌లు చేస్తావు కదా. వీళ్లలో ఎవరు సొంతంగా చదువుతున్నారో, ఎవరు నేను పక్కన కూర్చుంటేనే చదువుతున్నారో చెప్పే యాప్ ఒకటి చెయ్యి. ఎనిమిదో తరగతి వాళ్లు ఇంకో రెండేళ్లలో ఇంటర్ అని హాస్టళ్లకు పోతారు. అక్కడ నేనుంటానా?"

మార్కులు చూస్తే తెలియదా అన్నాను. "మార్కులు నావి రా, వాళ్లవి కాదు" అంది. ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

పిన్ని అడిగినదాన్ని కొలవాలని ప్రపంచంలో చాలామంది నలభై ఏళ్లుగా తంటాలు పడుతున్నారు. దీన్ని సెల్ఫ్ రెగ్యులేటెడ్ లెర్నింగ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, తన చదువును తనే నడుపుకోవడం. అమెరికాలో బ్యారీ జిమ్మర్‌మన్ అనే విద్యా మనస్తత్వవేత్త దీన్ని మూడు దశలుగా చెప్పాడు. మొదలుపెట్టే ముందు ఎలా చేయాలో ఆలోచించుకోవడం, చేస్తున్నప్పుడు దారి తప్పుతున్నామేమో కనిపెట్టుకోవడం, అయ్యాక వెనక్కి తిరిగి చూసుకుని తర్వాతిసారికి సరిదిద్దుకోవడం. వంట వచ్చిన ఎవరికైనా ఇది తెలిసిన పద్ధతే. కూర మధ్యలో ఉప్పు చూడకుండా నేరుగా విస్తట్లో వడ్డించేవాళ్లు ఎవరుంటారు? లెక్కల్లో మాత్రం మన పిల్లలు చేసేది అచ్చంగా అదే. ఉప్పు చూసే డ్యూటీ టీచర్‌ది.

సరే, ఉందో లేదో ఎలా కొలవాలి? అందరికీ ముందు తట్టేది పిల్లల్నే అడిగేయడం. 1986లో జిమ్మర్‌మన్, మార్టినెజ్‌పాన్స్ కలిసి 80 మంది పదో తరగతి విద్యార్థులను ఇంటర్వ్యూ చేశారు. హోంవర్క్ ఎలా చేస్తావు, పరీక్షకు ఎలా తయారవుతావు, ఇంట్లో చదవాల్సి వస్తే ఏం చేస్తావు అని అడిగి, వాళ్ల జవాబుల్లోంచి 14 రకాల పద్ధతులు ఏరారు. ఆ జవాబుల్ని బట్టి ఎవరు బాగా చదివే గ్రూపులో ఉన్నారో 93 శాతం కచ్చితంగా చెప్పగలిగారు. 1990లో పింట్రిచ్, డిగ్రూట్ అనే ఇద్దరు 173 మంది ఏడో తరగతి పిల్లలకు ప్రశ్నాపత్రం ఇచ్చారు. ఒక్కో వాక్యం చదివి, అది తనకు ఎంతవరకు నిజమో 1 నుంచి 7 వరకు అంకె వేయాలి. ఆ పిల్లల చదువు గురించి బాగా చెప్పగలిగిన విషయాల్లో ఒకటి ఈ సొంతంగా నడుపుకునే గుణమేనని తేలింది. మరుసటి ఏడాది మిషిగన్ యూనివర్సిటీ నుంచి కాలేజీ విద్యార్థుల కోసం 81 వాక్యాల పెద్ద ప్రశ్నాపత్రం వచ్చింది. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే రకరకాల భాషల్లోకి మార్చుకుని వాడుతున్నారు.

అయితే 1990 నాటి ఆ పిల్లల్ని అడిగింది సైన్స్, ఇంగ్లీషు క్లాసుల గురించి. లెక్కలు వేరే జాతి. సోషల్ పాఠం సగమే అర్థమైనా నాలుగు వాక్యాలు రాసి నెట్టుకురావచ్చు. లెక్కలో రెండో లైనులో మైనస్ గుర్తు జారిపోతే, పదో లైను దాకా ఎంత చక్కగా రాసినా పోయినట్టే. మధ్యలో ఆగి చూసుకోవడం అనే అలవాటుకు ఇక్కడున్నంత విలువ ఇంకెక్కడా ఉండదు.

'ఏది టిక్ పెడితే మంచిదండీ?'

పిన్నికి ప్రశ్నాపత్రం మీద నమ్మకం, నాకు అనుమానం. చూద్దామని ఇద్దరం కూర్చుని ఓ పది వాక్యాలు తెలుగులో రాశాం. "లెక్క చేసే ముందు ఎలా చేయాలో ఆలోచిస్తాను", "జవాబు వచ్చాక మళ్లీ సరిచూసుకుంటాను" ఇలాంటివి. పరిశోధన పేపర్లలో ఉండే 'వ్యూహం', 'పర్యవేక్షణ' లాంటి మాటలు పెడితే పిల్లలు ఆ మాటల దగ్గరే ఆగిపోతారు కాబట్టి అవి వద్దనుకున్నాం.

కాగితం చేతికివ్వగానే ఆరో తరగతి బుడ్డోడు అడిగిన మొదటి ప్రశ్న: "ఏది టిక్ పెడితే మంచిదండీ?"

మొత్తం సమస్య ఆ ఒక్క మాటలో ఉంది. అతను అబద్ధం చెప్పాలనుకోవట్లేదు. అది కూడా పరీక్షేననీ, దానికీ కీ ఉంటుందనీ అనుకుంటున్నాడు. ఇంచుమించు అందరూ అన్నిటికీ "ఎప్పుడూ చేస్తాను" అనే పెట్టారు. అదే సాయంత్రం వాళ్ల నోట్సులు తిరగేస్తే సరిచూసుకున్న జాడ ఎక్కడా లేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. యూజర్‌ని అడిగితే ఫలానా ఫీచర్ చాలా బాగుంది, రోజూ వాడతాను అంటాడు. లాగ్స్ తీసి చూస్తే మూడు నెలల్లో ఒక్కసారి నొక్కి ఉంటాడు. అందుకే మేం ముందు లాగ్స్ చూస్తాం, తర్వాతే మనిషి మాట వింటాం. కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీకి చెందిన ఫిలిప్ విన్ చేసింది కూడా ఇలాంటిదే. 2002లో ఆయన, జేమీసన్‌నోయెల్ కలిసి విద్యార్థుల్ని ఒక సాఫ్ట్‌వేర్‌లో పాఠం చదవమన్నారు. చదివేటప్పుడు ఏమేం చేశారని తర్వాత అడిగారు. సాఫ్ట్‌వేర్ రికార్డు చేసిన దానికీ, వాళ్లు చెప్పిన దానికీ పొంతన సరిగా కుదరలేదు. వాళ్లు గడుసువాళ్లని కాదు. మన అలవాట్లు మనకే సరిగా గుర్తుండవు, అంతే.

మరి లెక్కల్లో లాగ్ ఎక్కడుంటుంది? రఫ్ వర్కులో. కొట్టివేతల్లో. మార్జిన్‌లో వేసుకున్న చిన్న గుణకారంలో. అంటే మనం నీట్‌నెస్ పేరుతో పిల్లల చేత చెరిపించేస్తున్నవన్నీ!

పదమూడు బస్తాలు, మిగతా 25 కిలోలు

అమెరికాలో 1980ల మొదట్లో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఒక బస్సులో 36 మంది సైనికులు పడతారు. 1,128 మందిని తీసుకెళ్లాలంటే ఎన్ని బస్సులు కావాలి? భాగహారం చాలామందికి వచ్చింది. కానీ 29 శాతం మంది "31, శేషం 12" అని రాశారు. 18 శాతం మంది 31 అన్నారు. 32 అని సరిగ్గా రాసింది 23 శాతమే. "శేషం 12" బస్సులు ఎక్కడైనా ఉంటాయా అని ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసుకుంటే చాలు. ఆ క్షణమే లేదు.

దీన్ని మన ఊరికి మార్చి పిన్ని పిల్లలకు ఇచ్చాను. 1,000 కిలోల ధాన్యం ఉంది, బస్తాకు 75 కిలోలు పడతాయి, ఎన్ని బస్తాలు కావాలి? కళ్లాల మీద ధాన్యం ఆరబోసి ఉన్న రోజులు, దారి పొడవునా బస్తాలే. అయినా ఎక్కువమంది "13, శేషం 25" దగ్గర ఆగి పెన్ను మూసేశారు. కౌలు రైతు కూతురు ఒకమ్మాయి మాత్రం కాసేపు కాగితం వంక చూసి, "ఆ పాతిక కిలోలు ఎక్కడ పోస్తారండి, ఇంకో బస్తా తేవాలిగా" అని 14 రాసింది. ఆ అమ్మాయికి క్లాసులో మంచి మార్కులు రావు. భాగహారం కూడా రెండుసార్లు కొట్టేసి మూడోసారి చేసింది. పుస్తకం చూసి మార్కులేస్తే నీట్‌నెస్ కింద కోత పడుతుంది.

బర్క్‌లీలో అలన్ షోన్‌ఫెల్డ్ అనే గణిత విద్యా పరిశోధకుడు ఇదే విషయాన్ని వీడియో తీసి చూపించాడు. విద్యార్థులకు కొత్త లెక్క ఇచ్చి ఇరవై నిమిషాలు కెమెరా పెట్టాడు. ఏ నిమిషంలో ఏం చేస్తున్నారో గీతలు గీశాడు: చదవడం, విశ్లేషించడం, ప్లాన్ వేసుకోవడం, చేయడం, సరిచూడటం. కుర్రాళ్ల గ్రాఫ్‌లో చాలావాటికి ఒకటే ఆకారం. లెక్క గబగబా చదివారు, ఏదో ఒక దారి పట్టుకున్నారు, టైమ్ అయ్యేదాకా ఆ దారిలోనే కొట్టుకుపోయారు. గణిత పండితుడి గ్రాఫ్ మాత్రం మెట్ల మీద ఎక్కిదిగినట్టు ఉంటుంది. కొంచెం చేస్తాడు, ఆగుతాడు, ఇది పనికొస్తుందా అనుకుంటాడు, వదిలేస్తాడు, ఇంకోటి పట్టుకుంటాడు. షోన్‌ఫెల్డ్ తన క్లాసులో తిరుగుతూ పిల్లల్ని అడిగేవి మూడే ప్రశ్నలు. ఇప్పుడు సరిగ్గా ఏం చేస్తున్నావు? ఎందుకు చేస్తున్నావు? ఇది నీకు ఎలా పనికొస్తుంది?

ఇంకో తమాషా చెప్పాలి. మన సామాన్య సమీకరణాల పాఠంలోనే 'సరిచూడటం' అని ఉంటుంది. వచ్చిన విలువను సమీకరణంలో వేసి రెండు వైపులా సమానమో కాదో చూడమని. పిల్లలు దాన్ని కూడా రాయాల్సిన ఇంకో లైనుగానే నేర్చుకుంటున్నారు. ఒకడి కాగితంలో 3x + 5 = 20కి x = 6 అని వచ్చింది. కింద శుభ్రంగా "సరిచూడటం: 3 × 6 + 5 = 20, ఎల్‌హెచ్‌ఎస్ = ఆర్‌హెచ్‌ఎస్" అని రాసి అండర్‌లైన్ కూడా చేశాడు. పద్దెనిమిదికి అయిదు కలిపితే 23 అని వాడికి తెలియక కాదు. కలపలేదు. సరిచూసినట్టు రాయడం, సరిచూడటం వేరువేరని వాడికి ఎవరూ చెప్పలేదు.

మూడు గళ్ల కాగితం

చివరికి నేను యాప్ చేయలేదు. "ఇంత చదివి కాగితమా?" అని పిన్ని నవ్వింది కూడా. పది లెక్కల స్లిప్ టెస్ట్ పేపర్‌కు పక్కన మూడు గళ్లు గీశాను. లెక్క చదివాక, చేయకముందు మొదటి గడి నింపాలి: వస్తుంది, డౌటు, రాదు. చేశాక రెండో గడి: నా జవాబు కరెక్టు, తప్పు. మూడో గడి పిన్నిది, టిక్కు కోసం. రబ్బరు నిషేధం. తప్పనిపిస్తే ఒక్క గీత కొట్టి పక్కన మళ్లీ చేయాలి. ఈ గళ్లకు మార్కులు లేవని ముందే గట్టిగా చెప్పాం.

మొదటిరోజు ఇద్దరికి సరిగ్గా అయిదేసి మార్కులు వచ్చాయి. పిన్ని రిజిస్టర్‌లో ఇద్దరూ ఒకటే. గళ్లు చూస్తే ఒకడు పదింటికీ కరెక్టు అని పెట్టాడు. ఇంకొకరు మన బస్తాల అమ్మాయి. తను తప్పు చేసిన అయిదింటిలో నాలుగింటికి తనే తప్పు అని పెట్టుకుంది. వచ్చిన అయిదింటికీ కరెక్టు అనే పెట్టింది. పదింటిలో తొమ్మిది తన గురించి తను సరిగ్గా చెప్పింది. ఈ అమ్మాయికి పాఠం మళ్లీ చెబితే చాలు, ఏది రాదో తనకు తెలుసు. ఆ పిల్లాడికి మళ్లీ పాఠం చెప్పడం మొదలుపెడితే వినడు, వచ్చేసిందనే అనుకుంటున్నాడు కాబట్టి. ముందు ఆ అయిదూ తప్పని వాడంతట వాడు కనుక్కోవాలి. అయిదు మార్కులు అనే అంకె ఈ తేడాను పూర్తిగా మింగేసింది.

తొమ్మిది వచ్చిన వాడి కాగితం నన్ను ఇంకా ఆలోచనలో పడేసింది. రెండో వరస గళ్లన్నీ ఖాళీ. ఏం నాన్నా వదిలేశావు అంటే, "మేడం చూస్తే తెలుస్తుంది కదండీ" అన్నాడు. ఎగతాళి కాదు, మర్యాదగానే అన్నాడు. కరెక్టా కాదా అన్నది తనకు సంబంధించిన ప్రశ్న అని అతనికి తోచనే లేదు. పిన్ని హాస్టల్ భయమంతా ఇలాంటి పిల్లల గురించే.

ఒక్క కాగితంతో ఎవరికీ ముద్ర వేయకూడదు. వారం తర్వాత భిన్నాల మీద టెస్ట్ పెడితే అదే అమ్మాయి రాని లెక్కలకు కూడా ధీమాగా కరెక్టు అని పెట్టింది. ఎత్తు, రంగులా ఇది మనిషికి అంటిపెట్టుకుని ఉండే గుణం కాదు. పాఠాన్ని బట్టి మారుతుంది, రోజును బట్టి మారుతుంది. ఒకే ఒక్క సర్వే పెట్టి "ఈ పిల్లకు ఇంత ఉంది" అని అంకె ఇవ్వడం నాకు నచ్చకపోవడానికి కారణం అదే.

ట్యాబ్ అయితే ఇంకా సులువు కదా అని మీకు అనిపించొచ్చు. 2022 డిసెంబర్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. పిల్లల స్థాయిని బట్టి ప్రశ్నలు మార్చే సాఫ్ట్‌వేర్ కూడా కొన్ని ప్రభుత్వ స్కూళ్లలో నడిచింది. అలాంటివి ఏ ప్రశ్నకు ఎన్ని ప్రయత్నాలు, ఎన్ని సెకన్లు, సాయం ఎప్పుడు అడిగారు అన్నది అణువణువూ రాసుకోగలవు. కానీ లాగ్‌లో నాలుగు నిమిషాల ఖాళీ కనిపిస్తే అదేంటి? పిల్ల ఆలోచిస్తోందా, గేదెకు గడ్డి వేయడానికి వెళ్లిందా, ట్యాబ్ తమ్ముడు లాక్కున్నాడా? టైమ్‌స్టాంప్‌కు ఇవన్నీ ఒకటే. నా ఉద్యోగంలో ఇలాంటి ఖాళీల్ని 'ఐడిల్' అని తీసి పారేస్తాం. లెక్కల్లో బహుశా అసలు పని జరిగేది అక్కడే.

కొలిచే ముందు తేల్చాల్సింది ఇంకోటి ఉంది. తన చదువును తను నడుపుకోవాలంటే నడుపుకోవడానికి కాస్త టైమ్ చేతిలో ఉండాలి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,000 మంది పిల్లల్ని పెద్దయ్యేదాకా వెంబడిస్తూ వచ్చింది. దానికి ఎంచుకున్న జిల్లాల్లో మన పశ్చిమ గోదావరి ఒకటి. ఆ పిల్లల్ని అడిగిన విషయాల్లో, నీ టైమ్ ఎలా గడపాలో ఇంట్లో మిగతావాళ్లే నిర్ణయిస్తారా అన్నది కూడా ఉంది. పిన్ని ట్యూషన్ పిల్లల్ని అదే అడిగాను. ఉదయం అయిదున్నరకు లేపేది అమ్మ, స్కూలు, ట్యూషన్, రాత్రి హోంవర్క్. ఏ లెక్క ముందు చేయాలో కూడా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. సుబ్రహ్మణ్యేశ్వర స్వామి షష్ఠి తీర్థం జరిగే రోజులే మినహాయింపు, అప్పుడు ఎవరి మాటా ఎవరూ వినరు! స్టీరింగ్ ఎప్పుడూ ఇవ్వకుండా డ్రైవింగ్ వచ్చా అని పరీక్ష పెడితే ఏం తేలుతుంది?

గొడవ కూడా అయింది. మూడో వారం ఒక పిల్లాడి అమ్మగారు కాగితం పట్టుకుని వచ్చారు. "ఏమండీ, మావాడు తప్పు అని వాడే రాసుకుంటున్నాడు. తప్పని తెలిసి ఎందుకు రాశాడు? మీరు చెప్పట్లేదా?" ఆవిడ కోపంలో న్యాయం ఉంది. నెలనెలా డబ్బు కడుతున్నది టిక్కుల కోసం. కొట్టివేతలతో నిండిన కాగితం ఇంటికి వస్తే ఎవరికైనా కంగారే. పిన్ని ఆవిడను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మూడు వారాల కాగితాలు వరసగా పరిచింది. మొదటిదానిలో తప్పు చేసిన ఆరు లెక్కలకూ వాడు కరెక్టు అని పెట్టాడు. మూడోదానిలో తప్పులు అయిదు, వాటిలో నాలుగు వాడే పట్టుకున్నాడు. "మార్కు ఒక్కటే పెరిగిందమ్మా, నిజమే" అని పిన్ని ఒప్పుకుంది. ఆవిడ పూర్తిగా ఒప్పుకున్నారో లేదో తెలియదు కానీ, పిల్లాణ్ని మాన్పించలేదు.

ఇప్పుడు పిన్నికీ నాకూ ఒక వాదన నడుస్తోంది. తల్లిదండ్రులకు చూపించడానికి ఈ గళ్లకు కూడా పదికి ఇన్ని అని మార్కు వేద్దామంటుంది. 2020 జాతీయ విద్యా విధానమే ప్రోగ్రెస్ కార్డులో పిల్లలు తమను తాము అంచనా వేసుకోవాలని చెప్పింది కదా, మనం వేస్తే తప్పేంటి అని ఆమె పాయింటు. నా పాయింటు వేరు. మార్కు వేసిన రోజే ఆరో తరగతి బుడ్డోడు మళ్లీ అడుగుతాడు, ఏది టిక్ పెడితే మంచిదండీ అని. డౌటున్నా లేకపోయినా అందరూ 'డౌటు' పెట్టడం మొదలుపెడతారు, లేదా పిన్ని మొహం చూసి పెడతారు. అప్పుడు మా దగ్గర మిగిలేది ఇంకో ప్రశ్నాపత్రం.

ప్రస్తుతానికి ఒప్పందం ఇది. గళ్లు ఉంటాయి, మార్కు ఉండదు. పిన్ని టిక్కు పెట్టే ముందు షోన్‌ఫెల్డ్ మూడు ప్రశ్నల్లో ఒకటి తన పద్ధతిలో అడుగుతుంది: "ఈ లైను ఎందుకు రాశావో చెప్పు, అప్పుడు చూస్తా." పిల్లలకు ఇది మహా విసుగ్గా ఉంది. తొమ్మిది మార్కుల వాడు నిన్న తన రెండో గళ్లలో మూడు నింపాడు, మిగతా ఏడూ వదిలేశాడు. నా ఫోన్‌లోని షీట్‌లో పిన్ని అడిగిన 'మార్కు' కాలమ్ పేరు మాత్రం రాసుంది, కింద గడులన్నీ ఖాళీ. తీర్థం అయ్యాక మాట్లాడుకుందాం అంది.